పావు తిప్పిన కుండీ

బెంచీ మీద చచ్చిపోయిన మనిషిని ఎవరూ లేపరు. ముఖాన పేపరు కప్పుకుని కాళ్ళు చాపుకుని ఉంటే, పాపం నిద్రపోతున్నాడులే అనుకుని పక్కనుంచి నడిచిపోతారు. పార్లమెంటు భవనం పక్కనున్న తోటలో, ఏడో నంబరు బెంచీ మీద, బూట్లు పాలిష్ చేసే మనిషి అలా మూడు గంటలసేపు చచ్చిపడి ఉన్నాడు. ఇద్దరు ఎంపీలు ఆ దారినే పోయారు. ఒకాయన బూటు ముందుకు చాపి కాసేపు నిలబడ్డాడట కూడా. జవాబు రాకపోయేసరికి, ఈ దేశంలో కష్టపడే గుణం పోయిందని గొణుక్కుంటూ వెళ్ళాడట.

చెవి కింద సూదిమొనంత ఎర్రటి చుక్క. ఒంటి మీద ఇంకే గాయమూ లేదు.

ఆ మనిషి బతుకుతెరువు పాలిష్ కాదు. గూఢచారి శాఖ ఏజెంటు. పదేళ్ళ సర్వీసు, ఇద్దరు పిల్లలు.

మర్నాడు, శుక్రవారం పొద్దున, ఆ ఖాళీలోకి పుట్టను పిలిచారు.

పుట్ట అసలు పేరు ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 'అనుమానాల పుట్ట' అన్నది శాఖ ఇచ్చిన పూర్తి బిరుదు. పిలవడానికి పొడుగైందని ముందు ముక్క కోసేశారు. సొంత పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌ని పక్కకు పిలిచి కెమెరా విప్పించి చూసిన ఘనుడు. భార్య దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

శాఖ ఆఫీసు కుట్టుమిషన్లు రిపేరు చేసే షాపు వెనక గదిలో ఉంటుంది. శాఖకు పెద్ద అరవై దాటిన ఒక ఆవిడ. అందరూ పెద్దమ్మ అంటారు. ఎవరికీ పెద్దమ్మ కాదు. 'నాయనా' అని పిలిచిందంటే అవతలివాడికి చెమటలు పట్టాలి.

"కూర్చో నాయనా," అంది.

విషయం సూటిగా చెప్పింది. పొరుగు దేశంతో నది నీళ్ళ ఒప్పందం నడుస్తోంది. మనం ఎంతకు దిగొచ్చు, ఎంత దగ్గర ఆగాలి అన్నది తేల్చడానికి పార్లమెంటులో మూడో నంబరు గదిలో రహస్య కమిటీ సోమవారం నుంచి కూర్చుంటోంది. గది సీలు. పొద్దున తొమ్మిదికి టెక్నికల్ వాళ్ళు డిటెక్టర్లతో మూల మూలా గాలిస్తారు. ఏమీ దొరకదు. తాళం వేస్తారు. పదకొండుకి మెంబర్లు వస్తారు, పన్నెండున్నరకి లేస్తారు, మళ్ళీ తాళం. అయినా లోపల అన్న మాట అన్నట్టు సాయంత్రానికల్లా పొరుగు దేశం ఎంబసీకి చేరిపోతోంది.

"వచ్చే గురువారం కమిటీ ఆఖరి అంకె తేలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళ బృందంతో బేరం. ఆ అంకె వాళ్ళకి ముందే తెలిసిందా, మూడు జిల్లాల పొలాలు ఎండబెట్టుకోవాల్సిందే."

ఆ గదికి ఇంకో దారి ఉందంటూ ఆవిడ పాత ప్లాను పరిచింది. రాజుల కాలంలో తోటలోని గ్లాస్‌హౌస్ నుంచి భవనానికి వేడినీళ్ళ గొట్టాలు వెళ్ళేవి. వాటి కోసం తవ్విన సొరంగం మూడో నంబరు గదిలో పాత చలిమంట గూడు పక్కనున్న చెక్క పలక దగ్గర తేలుతుంది. ఇవతలి కొసన ఇనప తలుపు. దానికి ఒకటే తాళంచెవి. అది తోట మేస్త్రి గుత్తిలో ఉంటుంది. ఏజెంటును చంపిన విషం కూడా మేస్త్రి పురుగుమందుల అలమారాలోదే. ఆ అలమారా తాళంచెవీ ఆ గుత్తిలోదే.

సొరంగం మూసేయొచ్చు కదా అన్నాడు పుట్ట. మూయడానికి తాపీమేస్త్రికి ఒక పూట చాలు, ఫైలు నాలుగు శాఖలు తిరగడానికి ఏడాది కావాలి అంది పెద్దమ్మ. పోనీ గదిలో మనిషిని పెడదామన్నాడు. ఆ గదిలో శాఖ వాళ్ళు కాలు పెట్టకూడదని చట్టం. చట్టం చేసినవాళ్ళు ఆ గదిలోనే కూర్చుంటారు మరి.

"గురువారం పన్నెండు గంటల లోపు నీ సంతకంతో రిపోర్టు కావాలి. ఇతనే అని. రహస్య కోర్టు, అప్పీలు లేదు. గోడ, తుపాకులు. తోట కూడా జనానికి మూసేస్తారట. సెక్యూరిటీ వాళ్ళు బోర్డు రాయించి రెడీగా పెట్టుకున్నారు."

"ఇతనే కాకపోతే?"

"అందుకేగా నిన్ను పిలిచింది," అంది పెద్దమ్మ.

కారణం ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఒక టెలిఫోన్ ఆపరేటరు విషయంలో అందరూ ఆమే అన్నారు, కాగితాలూ ఆమే అన్నాయి, పుట్ట సంతకం పెట్టాడు. పద్నాలుగు నెలల తర్వాత అసలు దొంగ దొరికాడు. ఆమె జైలు నుంచి బయటికొచ్చింది గానీ ఉద్యోగం తిరిగి రాలేదు, మొగుడు రాలేదు, కూతురు రాలేదు. శాఖ క్షమాపణ చెప్పలేదు. శాఖలకు చేతులే ఉంటాయి, నోరుండదు. అప్పటి నుంచి పుట్ట ఇంట్లో కొరియర్ రసీదు మీద సంతకం పెట్టడానికి కూడా నాలుగుసార్లు చదువుతాడు.

తోటలోకి రోజుకూలీ తోటమాలి వేషంలో దిగాడు. శాఖ గాడ్జెట్ల విభాగం రెండు వస్తువులిచ్చింది. ఒకటి, పిడిలో కెమెరా ఉన్న కత్తెర. రెండోది, అడుగున రేడియో సెట్టు బిగించి మందపాటి ఉక్కు రేకు కప్పిన నీళ్ళ క్యాను. లక్షణమైన క్యాను. ఒక్కటే లోపం, నీళ్ళు పట్టదు. గ్లాసుడు పోస్తే పొంగిపోతుంది.

రెండువందల ఏళ్ళ కిందట ఆ తోట రాజుగారిది. రాజూ, రాణీ, వాళ్ళ కుక్కలూ తప్ప ఇంకో ప్రాణి అడుగు పెట్టకూడదు. ఒకరోజు జనం దక్షిణం గేటు విరగ్గొట్టి లోపలికొచ్చారు. వచ్చినవాళ్ళు మళ్ళీ బయటికి పోలేదు. ఆ గేటులో వంగిన ఊచ ఇప్పటికీ వంకరగానే ఉంది. సరిచేయించడానికి అధికారులు మూడుసార్లు మనుషుల్ని పంపారు. మూడుసార్లూ తోటమాలులు 'కొలిమి చెడిపోయింది' అని తిప్పి పంపారు.

మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా ఆ తోటకు పెద్ద. ఎండిన కట్టెలాంటి మనిషి, నడుముకు తాళాల గుత్తి, నోటికి తాళం. పుట్ట ఆయన్ని నీడలా వెంబడించాడు. అనుమానించడానికి వెతుక్కోనక్కర్లేదు, అన్నీ వాటంతట అవే వచ్చి ఒళ్ళో పడ్డాయి. రోజూ తొమ్మిదీ నలభై అయిదుకి మేస్త్రి ఇనప తలుపు తీసుకుని సొరంగంలోకి వెళ్తాడు. పది దాటి పావుగంట అయ్యాక గానీ రాడు. తలుపు లోపలి పక్కనే ఉన్న ఫౌంటెన్ల వాల్వు తిప్పడానికని చెబుతాడు. వాల్వు తిప్పడానికి అరగంటా?

తోటలో పుట్టకు తోడు ఒక మనిషి ఉంది. కోడ్ నేమ్ సీతాకోక. పూల బొమ్మలు వేసే ఆర్టిస్టు. వెడల్పాటి టోపీ, ఆకుపచ్చ గొడుగు, నడిచిపోతే నాలుగు తలలు తిరిగే అందం. ఎంబసీ వాళ్ళకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. శాఖలో ఆమె మాటంటే శిలాశాసనం.

మొదటిరోజు పుట్ట ఆమె బెంచీ దగ్గర ఆగి, "ఈ బెంచీ రంగు ఆరిందా అమ్మా?" అన్నాడు.

"ఆరింది గానీ వాసన పోలేదు," అంది ఆమె. అదీ కోడ్.

తర్వాత పని పంచుకున్నారు. మేస్త్రి తోటంతా తిరుగుతుంటాడు కాబట్టి ఆయన వెనక పుట్ట. గ్లాస్‌హౌస్‌లో కూర్చుని బొమ్మలు వేస్తుంది కాబట్టి దాని వెనకున్న ఇనప తలుపు కాపలా ఆమెది. రోజూ సాయంత్రం ఒక బొమ్మ చేతికిచ్చేది. వెనక అట్ట విప్పితే రిపోర్టు, మేస్త్రి ఎన్నింటికి లోపలికెళ్ళాడు, ఎన్నింటికి వచ్చాడు అని. పుట్ట ఆమెనూ అనుమానించాడు. అది అతని జబ్బు. రోజూ తొమ్మిదిన్నర నుంచీ గ్లాస్‌హౌస్ వైపు ఓ కన్నేసి ఉంచేవాడు. ఆవిరి పట్టిన అద్దాల వెనక, ఆకుల మధ్య, ఆ వెడల్పాటి టోపీ కదలకుండా అక్కడే ఉండేది.

మేస్త్రి మాత్రం మూడో రోజే పుట్టను పక్కకు పిలిచాడు.

"అబ్బాయ్, నీళ్ళు పట్టని క్యాను మోసుకు తిరిగేవాడు తోటమాలి కాదు. పిచ్చివాడైనా అయ్యుండాలి, పోలీసైనా అయ్యుండాలి. నీవి పిచ్చివాడి కళ్ళు కావు."

పుట్ట నవ్వేసి క్యాను వెనక్కి పెట్టుకున్నాడు.

"సరే, ఎవరైతే నాకేం. కూలీ తీసుకుంటున్నావు కాబట్టి పని నేర్చుకో," అని గ్లాస్‌హౌస్‌లోకి తీసుకెళ్ళాడు. అక్కడ మెత్తటి కాడలు, అరచేతులంత ఆకులు ఉన్న ఆరు కుండీలున్నాయి. ఒకప్పుడు రాణిగారి గదుల్లో పెట్టేవారట, అందుకని రాణి మొక్క అంటారు. ప్రతి కుండీ అంచున సున్నంతో ఒక గీత. రోజూ పొద్దున ప్రతి కుండీనీ పావు వంతు తిప్పాలి. గీత ఈరోజు తలుపు వైపు ఉంటే రేపు గోడ వైపు. ఇక్కడ వెలుతురు నాలుగు వైపులా వస్తుంది కాబట్టి తిప్పకపోయినా పెద్ద ప్రమాదం లేదు గానీ, గదుల్లో పెట్టిన కుండీ అలా కాదు. కిటికీ ఎటుంటే మొక్క అటే మెడ చాస్తుంది. వారం తిప్పకపోతే గూని వచ్చేస్తుంది.

"మొత్తం ఎనిమిది రాణులు," అన్నాడు మేస్త్రి. "ఆరు ఇక్కడ. రెండు మూడో నంబరు గదిలో. గది సీలు చేశామని సోమవారం నుంచి నన్ను రానివ్వడం లేదు. వాటి గతి ఏమయ్యిందో."

ఆ గది మాట తనంతట తానే ఎత్తాడు. పుట్ట దాన్ని కూడా అనుమానాల ఖాతాలోనే రాసుకున్నాడు. అడక్కుండా చెప్పేవాడు అడిగితే దాచేవాడికన్నా ప్రమాదం.

గురువారం వచ్చింది.

పదకొండున్నరకి సీతాకోక ఏడో నంబరు బెంచీ దగ్గర కనిపించింది. బుధవారం బొమ్మ ఆలస్యంగా ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంది, రంగు ఆరలేదట. వెనక ఆఖరి రిపోర్టు ఉందంది. మేస్త్రి సొరంగం చివరిదాకా వెళ్ళడం తన కళ్ళారా చూసిందట.

"ఇంకా దేనికి ఆలోచన?" అంది మెల్లగా. "నువ్వు ఆలస్యం చేస్తే ఈ బెంచీ మీద ఇంకొకళ్ళు పడుకుంటారు."

పుట్ట బొమ్మ చంకలో పెట్టుకుని మేస్త్రి షెడ్డుకి నడిచాడు. జేబులో టైపు చేసిన రిపోర్టు, కింద సంతకానికి ఖాళీ. దక్షిణం గేటు దగ్గర అప్పుడే రెండు జీపులు వచ్చి ఆగాయి. గోడకు ఆనించి కొత్త బోర్డు ఉంది. 'ప్రవేశం నిషిద్ధం' అని ఎర్ర అక్షరాలు, పెయింటు వాసన ఇంకా పోలేదు. నేరం తేలకముందే శిక్షకు రంగులేసుకునే తెలివి మన ప్రభుత్వాలకే చెల్లు.

సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ మనిషి కళ్ళలోకి చూడాలనుకున్నాడు. టెలిఫోన్ ఆపరేటరు కళ్ళలోకి ఆ రోజు చూడలేదు.

మేస్త్రి కత్తెరకు నూనె రాస్తున్నాడు. పుట్ట చేతిలో బొమ్మ చూడగానే నూనె గుడ్డ పక్కన పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని బొమ్మ తీసుకున్నాడు. ముఖం వాడిపోయింది.

"అయ్యో. నా తల్లికి గూని వచ్చేసిందే."

పుట్ట బొమ్మ మీదికి వంగాడు. "ఏ తల్లికి?"

"కనబడట్లేదా? రాణి మొక్క. ఆకులన్నీ ఒక పక్కకే తిరిగి ఎలా చూస్తున్నాయో చూడు. ఇది మూడో నంబరు గదిలోది."

గదిలోకి వెళ్ళని మనిషికి గదిలో మొక్క ఎలా ఉందో ఎలా తెలుసు? పుట్ట చెయ్యి కాగితం ఉన్న జేబులోకి వెళ్ళింది. అదే మాట పైకి అడిగాడు. మేస్త్రి అతన్ని మొద్దు విద్యార్థిని పంతులు చూసినట్టు చూశాడు.

"చూడాలా ఏమిటి? ఆరు ఇక్కడున్నాయి, వెళ్ళి చూసిరా. ఆరూ నిటారుగా ఉన్నాయి, రోజూ తిప్పుతున్నాను. పైగా ఇక్కడ నాలుగు వైపులా వెలుతురు. ఇలా వంగాలంటే ఒకే కిటికీ ఉండాలి, తిప్పే దిక్కు లేకుండా తొమ్మిది రోజులు ఉండాలి. అవి రెండే రెండు కుండీలు. ఈ బొమ్మ వేసిన చెయ్యి గొప్పది. ఉన్నది ఉన్నట్టు వేసింది."

పుట్ట బొమ్మ లాక్కుని కింద మూల చూశాడు. ఆర్టిస్టుల అలవాటు ప్రకారం చిన్న అక్షరాలతో పెన్సిల్ రాత. 'బుధవారం, ఉదయం పది గంటలు. వెలుతురు ఎడమ నుంచి.'

పది గంటలప్పుడు ఆమె గ్లాస్‌హౌస్‌లో ఉందనే పుట్ట తన రిపోర్టులోనూ రాశాడు. రోజూ చూశాడు కదా. ఏం చూశాడు? టోపీ చూశాడు. ఏ కొమ్మకు తగిలించినా టోపీ కదలకుండానే ఉంటుంది. తలుపు కాపలా ఆమెకిచ్చింది తనే. దొంగ చేతికి తాళాలిచ్చి, ఇంట్లో వాళ్ళ జేబులు తడుముతూ కూర్చున్నాడు.

"మేస్త్రి గారూ, ఆ వాల్వు దగ్గర రోజూ అరగంట ఏం చేస్తారు?"

"పావు తిప్పుతాను, ఆగుతాను. పావు తిప్పుతాను, ఆగుతాను. గొట్టం వయసు నా తాత వయసు. ఒక్కసారే తిప్పితే పగులుతుంది."

అంతే. డిటెక్టర్ల వాళ్ళు వెళ్ళిపోయాక, ఆమె తొమ్మిదిన్నరకి సొరంగంలోంచి గదిలోకి వెళ్ళి రికార్డరు దాస్తుంది, చాలావరకు కుండీ మట్టిలోనే. వెనక్కి వద్దామంటే ఈయన తలుపు దగ్గర పావులు తిప్పుతుంటాడు. పదింపావు దాకా గదిలోనే ఇరుక్కుపోతుంది. సాయంత్రానికి పుట్టకు చూపించడానికి ఒక బొమ్మ కావాలి, ఎదురుగా గ్లాస్‌హౌస్‌లో ఉన్నటువంటి మొక్కే ఉంది. వేసేసింది. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది గానీ, ఆ చేతికి అబద్ధం రాదు. మరి తాళంచెవి? మేస్త్రి ఎండ ఎక్కితే గుత్తి తీసి గ్లాస్‌హౌస్ మేకుకు తగిలిస్తాడు. బొమ్మలు చెరిపే మెత్తటి రబ్బరు ముద్ద ఆమె పెట్టెలోనే ఉంటుంది. ఇనప తలుపు చెవికీ, అలమారా చెవికీ అచ్చు తీయడానికి అరనిమిషం చాలు. పాలిష్ మనిషి ఆమె తలుపులోంచి రావడం చూసి ఉంటాడు.

ఇదంతా నిజమే. పెద్దమ్మ ముందు పెడితే ఏమవుతుంది? మొక్క వంగింది కాబట్టి సీతాకోక దొంగ అంటే నవ్వుతారు. ఆమె చేతిలో టేపుతో, ఆ గదిలో, సాక్షుల ముందు దొరకాలి. మేస్త్రి తోటలో తిరుగుతున్నంతసేపూ ఆమె జాగ్రత్తగా ఉంటుంది. మేస్త్రిని జీపెక్కిస్తే, పన్నెండున్నరకి మెంబర్లు లేవగానే ధీమాగా వెళ్తుంది; మూడింటి లోపు టేపు ఎంబసీకి చేరాలి మరి.

పుట్ట మేస్త్రికి ఉన్నదంతా చెప్పేశాడు. తను ఎవరో, జేబులో కాగితం ఏమిటో, గోడ ఏమిటో. సంతకం పెడతానని, మీరు ఒక గంట సేపు దేశద్రోహిగా ఉండాలని అడిగాడు. తను ఓడిపోతే ఆ గంట శాశ్వతమవుతుందని కూడా దాచకుండా చెప్పాడు.

మేస్త్రి కత్తెర మూసి పక్కన పెట్టాడు.

"వారం రోజులు నన్ను నమ్మనివాడివి. ఒక్క గంట నేను నిన్ను నమ్మాలా?"

"నమ్మక్కర్లేదు. నమ్మేలా నేనేమీ చేయలేదు."

ముసలాయన గుత్తిలోంచి ఒక తాళంచెవి వేరుచేసి పుట్ట చేతిలో పెట్టాడు. "ఆ గదిలోకి ఎలాగూ వెళ్తున్నావుగా. నా కుండీలు పావు తిప్పి రా. ఎడమకి."

పన్నెండుకి పుట్ట సంతకం పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు తోటను సాకిన మనిషిని చేతులకు బేడీలేసి, అందరూ చూస్తుండగా వంకర ఊచ గేటులోంచి తీసుకెళ్ళారు. తోటమాలులు పనిముట్లు కింద పడేసి నిలబడ్డారు. ఒకావిడ పుట్ట కాళ్ళ దగ్గర ఉమ్మేసింది. దూరంగా బెంచీ మీద ఆకుపచ్చ గొడుగు నింపాదిగా తెరుచుకుంది.

తోట గేటు దగ్గరున్న టికెట్ల గది ఫోనులోంచి పుట్ట పెద్దమ్మకు చెప్పింది రెండే మాటలు. సంతకం పెట్టాను; సరిగ్గా ఒంటిగంటకు, నిమిషం ముందు కాదు, మూడో నంబరు గది తలుపు బయటి నుంచి తీయించండి. ఎందుకని ఆవిడ అడిగింది. చెప్తే మీరు తీయరన్నాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. వస్తుందో రాదో తెలియదు.

పన్నెండూ నలభైకి ఇనప తలుపు తీసి లోపలికి దిగి మళ్ళీ తాళం వేసుకున్నాడు. అలవాటుగా క్యాను కూడా చేతిలోనే ఉంది. సొరంగంలో వంగి నడవాలి, కొన్నిచోట్ల పాకాలి. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. చెక్క పలక జరిపి గదిలోకి వచ్చేసరికి గోడ గడియారం పన్నెండూ యాభై నాలుగు. పొడవాటి బల్ల, ఖాళీ కుర్చీలు, ఒకే కిటికీ. దాని అద్దాలు మసక, రెక్కలకు మేకులు, పక్కకు లాగిన తెర నేల దాకా వేలాడుతోంది. పలకకు చెరో పక్క రెండు కుండీలు. రెండు రాణులూ కిటికీ వైపు మెడలు చాచి ఉన్నాయి. బొమ్మలో ఉన్నట్టే, ఆకు తేడా లేదు.

మొదటి కుండీలో వేళ్ళు దింపి కెలికాడు. వేర్లు, మట్టి. సమయం యాభై ఆరు. రెండోదాని దగ్గరికి వెళ్ళేసరికి సొరంగంలో, పలకకు కాస్త దూరంలో, రాయి దొర్లిన చప్పుడైంది.

ఇప్పుడు రికార్డరు తీసి జేబులో వేసుకుంటే ఆమె ఖాళీ చేతులతో పట్టుబడుతుంది, లేదా అసలు పట్టుబడదు. అక్కడే వదిలేస్తే అరనిమిషంలో తీసుకుని మాయమవుతుంది. ఒంటిగంటకు తలుపు తీసిన వాళ్ళకి పుట్ట ఒక్కడే కనిపిస్తాడు, చట్టం కాలు పెట్టొద్దన్న గదిలో. మధ్యలో నాలుగు నిమిషాలు ఎలాగోలా నింపాలి. కుండీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎడమకి తిప్పాడు. కంగారులో ఎంత తిప్పాడో చూసుకోలేదు. మొదటిదాన్నీ తిప్పి, తెర వెనక్కి వెళ్ళి, క్యాను రొమ్ముకు హత్తుకుని నిలబడ్డాడు.

పలక జరిగింది. సీతాకోక చప్పుడు లేకుండా వచ్చింది. టోపీ లేదు, చేతిలో గొడుగు. తిన్నగా రెండో కుండీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చూడకుండానే మట్టిలోకి చెయ్యి దించింది. వారం రోజులుగా వేళ్ళకు తెలిసిన చోటు. వేళ్ళు ఆగాయి. ఇంకొంచెం లోతుకు వెళ్ళాయి. పక్కకు వెళ్ళాయి. మట్టి నేల మీద పడుతోంది. ఇంతసేపు తొణకని ముఖంలో మొదటిసారి చిరాకు. యాభై ఎనిమిది. చుట్టూ తడిమింది. యాభై తొమ్మిది. కుండీకి అవతలి పక్క నుంచి, అగ్గిపెట్టెలు రెండు పేర్చినంత రికార్డరు బయటికొచ్చింది.

లేచింది. వెళ్ళలేదు. మొక్క వైపు చూసింది. ఆకులు కిటికీకి వీపు పెట్టి గది లోపలికి చూస్తున్నాయి. నిన్న ఆమె ఒక్కో ఆకునూ చూసి చూసి గీసింది. ఈ గదిలో ఆ తేడా తెలిసే మనిషి ఆమె ఒక్కతే.

"మేస్త్రిని తీసుకుపోయారుగా," అంది తనలో తాను. "మరి తిప్పిందెవరు?"

గొడుగు మొనలోంచి సన్నటి సూది బయటికొచ్చింది. తెర దగ్గరికి నాలుగడుగులు. అయిదో అడుగులో గొడుగు బల్లెంలా దూసుకొచ్చింది. తెర చిరిగింది, ఉక్కు మీద ఖంగుమని మోగింది, సూది విరిగింది. నీళ్ళు పట్టని క్యాను జీవితంలో ఒక్కసారి పనికొచ్చింది. పుట్ట తెరతో సహా ఆమె మీద పడ్డాడు. టేపున్న చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. ఆమె మోచేత్తో అతని పెదవి పగలగొట్టింది. తోట గడియారం ఒంటిగంట కొట్టింది.

తలుపు తెరుచుకోలేదు.

పుట్టకు టెలిఫోన్ ఆపరేటరు గుర్తొచ్చింది. సీతాకోక చెయ్యి జారిపోతోంది. వేళ్ళ మధ్య ఇక మణికట్టు మాత్రమే మిగిలింది. అప్పుడు గుమ్మం అవతల తాళం తిరిగింది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి గది మొత్తం ఒకసారి చూసింది. వెనక ఇద్దరు గార్డులు, కమిటీ కార్యదర్శి. నేల మీద మట్టి, విరిగిన సూది, సీతాకోక చేతిలో రికార్డరు.

"అమ్మాయీ," అంది పెద్దమ్మ, "బొమ్మలు వేసుకోక ఈ మట్టి పని దేనికి పెట్టుకున్నావు?"

తర్వాత పుట్ట వైపు తిరిగింది. గడియారం సెకన్లు ముందుందని, శాఖ తన టైముకే నడుస్తుందని చెప్పింది. క్షమాపణ లాంటిది ఆవిడ నోట అంతకన్నా రాదు. మూడింటికి పొరుగు దేశం బృందం బేరానికి కూర్చుంది. వాళ్ళ నాయకుడు టేపు కోసం గంటసేపు ఎదురుచూసి, చివరికి మనం చెప్పిన అంకె దగ్గరే ఆగాడట.

మేస్త్రిని నాలుగింటికి వదిలారు. ఎవరూ జీపివ్వలేదు. నడిచొచ్చాడు. తోటమాలులు గేటు దగ్గర చుట్టుముట్టినా ఆగలేదు; గార్డులు అడ్డుపడబోతే పెద్దమ్మ కళ్ళతోనే వద్దంది; తిన్నగా మూడో నంబరు గదిలోకి వెళ్ళి కుండీల అంచున సున్నం గీత చూశాడు. పుట్ట పగిలిన పెదవితో పక్కన నిలబడ్డాడు.

"పావు తిప్పమన్నాను."

"తిప్పాను కదండీ."

"ఇది అర. పాపం మెడ పట్టేసి ఉంటుంది." తిట్టాడో మెచ్చుకున్నాడో పుట్టకు అర్థం కాలేదు. ముసలాయన వంగి కుండీని సరిచేస్తూ, తలెత్తకుండా, "రేపు ఆరింటికల్లా పనిలోకి రా. నీళ్ళు పట్టే క్యాను తెచ్చుకో," అన్నాడు.

తోట మూయలేదు. మూయడానికి కారణం చెప్పాల్సిన ఫైల్లో కారణం మాయమైంది. ఎర్ర అక్షరాల బోర్డు మాత్రం గోడకు ఆనించి అలాగే మిగిలిపోయింది. వారం తర్వాత మేస్త్రి దాన్ని ఎత్తుకెళ్ళి ఎరువు గుంట మీద మూతగా వేశాడు. ప్రవేశం నిషిద్ధం అన్న మాటకు ప్రభుత్వ స్థలంలో ఎవరూ ఎదురు చెప్పని చోటు అదొక్కటే.